వేలికొస మీది దారం

ఐస్‌క్రీం డబ్బా మూత తీయగానే గుప్పున సోంపు వాసన వచ్చింది. లోపల ఉన్నది ఒక ముద్ద. ఒకవైపు పాత ఇంజను నూనె రంగు, మరొకవైపు పసుపు, మధ్యలో ఎర్రటి చారలు. అక్కడక్కడ ఒక తోక, ఒక రొయ్య మీసం పైకి తేలి కనబడుతున్నాయి. కొద్ది వారాల క్రితం వరకు అవి విడివిడిగా ఉన్న రబ్బరు ఎరలు. బాస్ అనే నదిచేపల కోసం అంకుల్ ఏళ్ల తరబడి ఏరుకొని, ఏ ప్యాకెట్‌లోవి ఆ ప్యాకెట్‌లోనే దాచుకున్నవి.

“కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టాను బాబూ,” అన్నారు ఆంటీ గరాజ్ గుమ్మంలో నిలబడి. “ఎక్కడివక్కడ పడి ఉంటే చూడలేకపోయాను. అన్నీ ఒకచోట ఉంటే నీకు తీసుకువెళ్లడానికి వీలుగా ఉంటుందని. బాగానే ఉన్నాయి కదా?”

సెప్టెంబరు మొదటి శనివారం, ఉదయం పది దాటింది. అంకుల్ పోయి అప్పటికి ఏడు వారాలు. నేను ముద్దనే చూస్తూ డబ్బా పట్టుకొని నిలబడ్డాను.

అంకుల్ నాకు బంధువు కాదు. ఈ దేశంలో మనకంటే ముందు వచ్చి స్థిరపడిన పెద్దవాళ్లందరినీ పిలిచినట్టే ఆయననూ పిలిచాను. తరువాత ఆ పిలుపు ఇంకెవరికీ సరిపోకుండా పోయింది. ఆయనది కాకినాడ వైపు. ఇక్కడి ఆసుపత్రులలో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరై, టూంగాబీ అనే శివారులో ఇటుకల ఇంట్లో ఉండేవారు. నేను అక్కడికి దగ్గరలోనే, ద పాండ్స్‌లో ఉంటాను. వృత్తిరీత్యా ఇతరుల లెక్కలు తనిఖీ చేస్తాను, అలవాటుకొద్దీ నా రోజులను కూడా తేదీలతో సహా రాసి పెట్టుకుంటాను. నదికి వెళ్లిన ప్రతిసారీ నీటిమట్టం, గాలి దిశ, పడిన చేప పొడవు రాసేవాణ్ణి. అది చూసి అంకుల్ నన్ను వదిలిపెట్టేవారు కాదు.

“ఏమయ్యా ఆడిటరూ, చేపలకి టాక్స్ ఫైల్ నంబర్లు ఇచ్చావా లేదా?”

మొదటిసారి ఆయనను చూసింది తెలుగువాళ్ల వనభోజనాలలో, నెపియన్ నది ఒడ్డున. ఒకపక్క బార్బెక్యూ పొగ, ఒకపక్క పిల్లల క్రికెట్, మైకులో ఎవరో తంబోలా నంబర్లు చదువుతున్నారు. ఆయన ఒక్కరే కాస్త దూరంగా, సరుగుడు చెట్ల కింద, సన్నటి గాలపు కర్రతో నీళ్లవైపు తిరిగి నిలబడి ఉన్నారు. మర్యాద కోసం వెళ్లి అడిగాను:

“ఏమైనా పడ్డాయా అంకుల్?”

“పడలేదు. వచ్చి చూసి వెళ్లాయి.”

“మీకెలా తెలుసు?”

ఆయన నావైపు మొదటిసారి తలతిప్పి చూశారు. తరువాత నా కుడిచేతి చూపుడువేలు పట్టుకొని, రీలుకు కొద్దిగా పైన, దారం కింద పెట్టారు. “కళ్లు మూసుకో,” అన్నారు. చాలాసేపు ఏమీ లేదు. నది లాగుడు మాత్రం వేలికి సన్నగా తగులుతోంది. అంతలో ఒక చిన్న తాకిడి. ఎవరో నీళ్ల అడుగునుంచి తలుపు మీద గోటితో కొట్టినట్టు.

“తెలిసిందా?”

“తెలిసింది.”

“అదే బాస్. ఇప్పుడు కళ్లు తెరువు. తెరిచినా కనిపించేది ఏమీ లేదనుకో.”

ఆ తరువాత ఎన్ని శనివారాలు ఆయనతో వెళ్లినా, చేప తగిలినప్పుడు “చూశావా” అని ఎన్నడూ అడగలేదు. “తెలిసిందా?” అనే అడిగేవారు. ఆపరేషన్ బల్లమీద పడుకున్న మనిషికి నడుములో సూది వేశాక, కాలిమీద మంచుముక్క ఆనించి ముప్పై ఏళ్లపాటు అడిగిన మాట కూడా అదేనట. “అక్కడ తెలియలేదు అంటే నాకు సంతోషం, ఇక్కడ తెలిసింది అంటే సంతోషం,” అనేవారు. “బతుకంతా తెలియకుండా చేసే ఉద్యోగం చేశానయ్యా. ఈ రెండు గంటలైనా తెలుసుకోనీ.”

దారం ఎంచుకోవడం ఆయనకు ఒక క్రతువు. పెన్రిత్ దారిలో ఆయన వెళ్లే కొట్టు ఒకటుంది. కౌంటరు మీద కొత్త దారాలు పెట్టించుకొని, కళ్లు మూసుకొని, ఒక్కొక్కదాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి మెల్లగా జార్చేవారు. కొట్టు యజమాని, ఎర్రటి మెడ, తెల్లటి కనుబొమలు ఉన్న పెద్దమనిషి, చేతులు కట్టుకొని చూసేవాడు.

“గోయింగ్ టు స్లీప్ ఆన్ మీ, డాక్?”

“దట్స్ యువర్ డిపార్ట్‌మెంట్, మేట్. యువర్ స్టోరీస్ డూ దట్.”

నాతో మాత్రం తెలుగులో చెప్పేవారు. “ఈ అల్లిక దారం ఉంది చూడు, సాగదు. నైలాన్ సాగుతుంది, చేప అక్కడ ముట్టుకుంటే దారం సాగి, మర్యాదగా సర్దిచెప్పి, మనదాకా సగమే తెస్తుంది. సాగని దారం ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది.” అల్లిక దారం ఆరు పౌండ్ల బరువు ఆపేది. చివర మీటరున్నర మేర మాత్రం నీళ్లలో కనబడని గాజులాంటి దారం, అది పది పౌండ్లది. చిన్న చేపకు అంత గట్టిది దేనికని మొదట్లో నేను అడిగాను.

“రాళ్లకి రాసుకొని తెగకుండా. దారం తెగితే గాలం దాని నోట్లో ఉండిపోతుంది. చేప పోతే పోనీ, మన ఇనుము దాని నోట్లో ఉండకూడదు.”

అందుకే కొత్త గాలం కొన్నప్పుడల్లా, దాని కొనకు ఎదురుగా ఉండే చిన్న ముల్లును కారులోనే కూర్చొని పటకారుతో నొక్కి చదును చేసేవారు. అలా చేసిన గాలం నుంచి చేప సులభంగా జారిపోతుంది. సగానికి సగం జారిపోయేవి. నేను లెక్క చెబితే, “సగం దక్కాయి కదా, మళ్లీ వదిలెయ్యడానికి,” అనేవారు. పట్టిన ప్రతి చేపనూ తడిచేతితో పట్టుకొని, కర్రకు గీసిన గీతలతో కొలిచి, నీళ్లలో నిలబెట్టి, అది తనంతట తాను తోక విదిలించేదాకా ఆగేవారు. ఇంట్లో ఆంటీ గుడ్డు కూడా ముట్టరు. ఎరల పెట్టెకు గరాజ్ దాటి లోపలికి ప్రవేశం లేదు; ఆయనకు సైతం స్నానం చేస్తేనే వంటింట్లోకి ప్రవేశం.

“ఆ రబ్బరు పురుగులు పట్టుకున్న చేత్తో నా మంచినీళ్ల బిందె ముట్టుకోకండి!”

“పురుగులు కావే, సోంపు వాసన వేస్తున్నాయి చూడు. చేపలకి భోజనం పెట్టను నేను, భోజనమయ్యాక తాంబూలం ఇస్తాను, అంతే.”

ఎర మెత్తగా ఎందుకుండాలో ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. గట్టి ఎరను చేప కరిచి, మోసమని తెలిసి అప్పుడే ఊసేస్తుంది. మెత్తటిదైతే ఒక్క క్షణం ఆలోచిస్తుంది. ఆ క్షణమే మనది. వేలికి తెలిస్తే దక్కుతుంది, లేకపోతే లేదు. నీళ్లు బురదగా ఉంటే నల్లటి తోక, తేటగా ఉంటే ఇంజను నూనె రంగు, కీచురాళ్లు అరిచే వేసవిలో పొట్టిగా లావుగా ఉన్నది. రంగుల విషయంలో ఎంత ఉదారంగా ఉన్నా ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండేవారు: ఒక రకం రబ్బరును ఇంకో రకంతో కలిపి పెట్టనిచ్చేవారు కాదు. ఒకసారి నేను తొందరలో వేరే ప్యాకెట్‌లో పడేస్తే కారు ఆపించి మరీ తీయించారు. “పైకి అన్నీ ఒకటే. పక్కపక్కన ఉంచావా, వేడికి ఒకదాన్నొకటి కరిగించుకుంటాయి.”

ఒడ్డున ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఒకరి దారం కదిలితే రెండోవాళ్లు చెప్పకూడదు. “నీ వేలికి తెలియాలి. నేను చెప్తే అది నా చేప.” ఎన్నోసార్లు నా దారం ముక్కు కిందే కదిలి, నేను పక్షులను చూస్తూ ఉండిపోతే, ఆయన పెదవులు బిగించుకొని నవ్వు ఆపుకుంటూ నిలబడేవారు.

నిరుడు నవంబరులో ఆయన పేగులలో కేన్సరు బయటపడింది. అప్పటికే కాలేయానికి పాకింది. కారు నేనే నడిపాను కనుక స్పెషలిస్టు గదిలో నేనూ కూర్చున్నాను. మందు పనిచేస్తే ఇంకో ఏడాది, ఇంకా ఎక్కువ కూడా ఉండవచ్చునని ఆ డాక్టరమ్మ చెప్పింది. ఆ మందువల్ల చేతివేళ్లు, కాలివేళ్లు మొద్దుబారవచ్చు. కొందరికి తిరిగి స్పర్శ వస్తుంది, కొందరికి రాదు. అంకుల్ అన్నీ విని, తన కుడి చూపుడువేలు ఎత్తి చూపించి, దీన్ని ఒక్కదాన్ని మినహాయించడానికి వీలవుతుందా అని అడిగారు. ఆమె హాస్యమనుకొని నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆయనకు మందు వద్దు. ఆ మాట ఇంటికి వచ్చాక భోజనాల బల్ల దగ్గర చెప్పారు. ఉన్నన్ని నెలలు వేళ్లతో ఉంటానన్నారు. హారిస్‌డేల్‌లో ఉండే కూతురు ఫోన్ స్పీకరులో ఏడుస్తోంది. “డాడ్, ప్లీజ్. ఇట్స్ జస్ట్ ఫింగర్స్!”

“జస్ట్ ఫింగర్స్ అట. విన్నావా ఆడిటరూ? రాసుకో.”

ఆంటీ గిన్నెలో మిగిలిన పెరుగన్నం కలుపుతూ ఉండిపోయారు. చివరికి తల ఎత్తకుండానే అన్నారు:

“మీకు చేప కావాలో, నేను కావాలో చెప్పండి.”

ఆయన చెయ్యి కడుక్కొని వచ్చి, మందుకు ఒప్పుకుంటున్నానని కూతురికి చెప్పారు.

మందు ఎక్కించడం మొదలయ్యాక ఆంటీ ఒక పరీక్ష పెట్టుకున్నారు. శనివారం ఉదయం నేను వెళ్లేసరికి బల్లమీద పోపుడబ్బా తెరిచి ఉండేది. ఆయన కళ్లు మూసుకొని చెయ్యి చాపేవారు. ఆంటీ ఆయన చూపుడువేలి కొసమీద ఒక గింజ పెట్టి, “తెలిసిందా?” అని అడిగేవారు.

“ఆవాలు.”

“ఇది?”

“జీలకర్ర. ఆ పక్కన ఇంకోటి కూడా అంటుకుంది, మెంతి. చీటింగ్ చెయ్యకు.”

డిసెంబరులో అలా ఉండేది. జనవరి చివరికి ఆవగింజ పోయింది. పెట్టినా లేదనేవారు. తరువాత జీలకర్ర పోయింది. చల్లని వస్తువు ముట్టుకుంటే వేళ్లలో కరెంటు కొట్టినట్టు ఉండేదట; ఆ నొప్పి తెలిసేది కాని గింజ తెలిసేది కాదు. చొక్కా గుండీలు ఆంటీ పెట్టడం మొదలైంది. మార్చిలో మెంతిగింజ కూడా పోయింది. ఇక పరీక్ష ఆపేస్తే బాగుండునని నాకనిపించేది. ఆపడానికి ఆంటీకి ధైర్యం చాలలేదని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆపడమంటే ఒప్పుకోవడమే కదా.

ఏప్రిల్‌లో ఒక శనివారం ఆమె శనగపప్పు బద్ద తీసుకొని ఆయన వేలికొసమీద పెట్టి, జారకుండా కాస్త అదిమారు. ఆయన కళ్లు మూసుకొని ఓపికగా ఎదురుచూశారు. తరువాత నవ్వుతూ అన్నారు:

“పెట్టవేం? ఇంకా ఏరుతున్నావా?”

ఆంటీ నావైపు చూశారు. మెల్లగా బద్దను తీసి డబ్బాలో వేసి, మూత పెట్టేశారు. “ఇవాళ్టికి చాలు లెండి,” అన్నారు. పోపుడబ్బా ఆ తరువాత బల్లమీదికి రాలేదు.

ఇక్కడ జూన్‌లో శీతకాలం రాగానే బాస్ చేపలు గుడ్లు పెట్టడానికి నదిని దిగి ఉప్పునీళ్లవైపు వెళ్లిపోతాయి. సెప్టెంబరులో వసంతం వస్తే గాని తిరిగి రావు. వసంతం దాకా తాను ఉండనని అంకుల్‌కు తెలుసు. ఎవరూ చెప్పనవసరం లేదు, ఆయన డాక్టరు. ఏప్రిల్ చివరి శనివారం, వెళ్దామని ఆయనే ఫోన్ చేశారు. “ఒక్కటి తెలిస్తే చాలు. పట్టనక్కరలేదు. తగిలి పోయినా చాలు,” అన్నారు.

ఆ ఉదయం చలిగా, గాలి లేకుండా ఉంది. సరుగుడు సూదులు నీళ్లమీద కదలకుండా తేలుతున్నాయి. మడత కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆయన దారం కొస, గాలం రెండూ నా చేతికిచ్చారు. ఇన్నేళ్లలో ఆయన గాలానికి ఇంకొకరు ముడి వెయ్యడం అదే మొదలు.

“బిగించే ముందు నోట్లో పెట్టి తడుపు. పొడిగా లాగితే దారం కాలిపోతుంది.”

“తెలుసంకుల్.”

“తెలుసులే. చెప్పడం నా సరదా.”

ఇంజను నూనె రంగు ఎర, చుట్ట తిరిగిన తోక ఉన్నది, ఆయనే ఎంచుకున్నారు. విసరడం మాత్రం మరచిపోలేదు. మునిగిపోయిన ఒక చెట్టు దుంగ పక్కనే, చెంచాడు చప్పుడుతో పడింది. దారాన్ని చూపుడువేలి కొసమీదికి తీసుకున్నారు. అది సరిగ్గా పడిందో లేదో వేలికి తెలియదు కనుక వంగి కళ్లతో చూసుకొని సర్దుకున్నారు. తరువాత కళ్లు మూసుకున్నారు. నా కర్ర నేను తీయనే లేదు. ఆయన దారం నీళ్లలో దిగే చోటునే చూస్తూ కూర్చున్నాను.

చాలాసేపటికి, ఎండ అవతలి ఒడ్డుమీద పడ్డాక, దారం ఒక్కసారి అదిరింది. మళ్లీ అదిరింది. తరువాత దుంగవైపు ఒక మూరెడు పక్కకు నడిచింది. ఇంత స్పష్టంగా బాస్ ఎర అందుకోవడం నేను అరుదుగా చూశాను. ఆయన వేలు కదలలేదు. ముఖం కూడా మారలేదు. ఏదో వినబడబోతుందన్నట్టు తల కొద్దిగా పక్కకు వంచి, అలాగే ఉన్నారు. నా నోటిదాకా మాట వచ్చింది. ఆయన నియమం గుర్తొచ్చి ఆపేశాను. దారం వదులై, వంకీ తిరిగి, నీళ్లమీద పడుకుంది.

కొంతసేపు అయ్యాక ఆయన అన్నారు: “ఈవేళ చేపలేమీ లేనట్టున్నాయయ్యా.”

ఆయన దారం చుట్టేశారు. ఎర గాలంతో పైకి వచ్చి ఎదురుగా వేలాడింది. చుట్ట తోక లేదు. నున్నగా కొరికేసి ఉంది. ఆయన దాన్ని అరచేతిలో వేసుకొని కళ్లద్దాలు పైకి నెట్టి చూశారు.

“నువ్వు చూశావు కదూ.”

“చూశానంకుల్.”

“చెప్పలేదు. మంచిపని చేశావు.” ఎరను అరచేతిలో తిప్పుతూ, “నేనూ చూశాను. ఉండబట్టలేక కళ్లు తెరిచాను. దారం కదులుతోంది, నా వేలిమీదే కదులుతోంది. ఎవరి వేలో అన్నట్టుంది.”

ఎర తీయకుండానే గాలాన్ని దారం నుంచి నా కత్తెరతో తెంపించి, ఎర తాలూకు ప్యాకెట్‌లోనే వేయించారు. తిరుగుదారిలో టూంగాబీ మలుపు దగ్గర సిగ్నల్ పడ్డప్పుడు అన్నారు: “నడుముకి మత్తిచ్చాక పేషెంటు ఒకసారి తల ఎత్తి తన కాళ్లు చూసుకుంటాడు. ప్రతివాడూ చూస్తాడు. వాటిని ముట్టుకుంటూనే ఉంటాం, వాడికి తెలియదు. ఆ చూపు చూసి, భయపడకండి, రెండు గంటల్లో వచ్చేస్తుంది అని చెప్పేవాణ్ణి. అందరికీ అదే చెప్పేవాణ్ణి.”

మే నెలలో తీసిన స్కానులో మందు పనిచేయలేదని తేలింది. కంతులు పెరిగే ఉన్నాయి. డాక్టరమ్మ చెప్పిన ఏడాదీ రాలేదు, వేళ్లూ తిరిగి రాలేదు. జూలై మధ్యలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం పోయారు. ఆఖరి రోజుల్లో ఆంటీ ఆయన చెయ్యి పట్టుకొని కూర్చుంటే, పట్టుకున్నట్టు ఆయనకు తెలియడానికి భుజందాకా నిమిరేవారు.

ఇప్పుడు నదిలో చేపలు తిరిగి వచ్చి ఉంటాయి. నేను వెళ్లి చూడలేదు.

డబ్బా పట్టుకొని నిలబడ్డ నన్ను ఆంటీ మళ్లీ అడిగారు. “బాగానే ఉన్నాయి కదా బాబూ? పనికొస్తాయి కదా?”

ఇన్నేళ్లు ముట్టుకోని ఆ రబ్బరు పురుగులను ఆమె తన చేతులతో సబ్బుపెట్టి కడిగారు. అబద్ధం చెబితే పోయేదేమీ లేదు. కాని ఆమె దగ్గరకు వచ్చి డబ్బాలోకి తొంగిచూశారు.

“ఇవి రకరకాల రబ్బరు ఆంటీ. కలిపి పెడితే కరిగిపోతాయి. విడివిడిగా ఉంచాలి.”

ఆమె చాలాసేపు ఆ ముద్దనే చూశారు.

“మంచికే అనుకున్నాను,” అన్నారు. “అదీ మంచికే అనుకున్నాను. ఆయన వద్దు వద్దంటే వినకుండా…” గరాజ్ గోడకు చేరబెట్టిన కర్రలవైపు తిరిగి నిలబడ్డారు.

ఒక్కటైనా మిగిలిందేమో, ఒక్కటి చేతికిచ్చి ఇది బాగానే ఉందని చెప్పగలనేమో అని ముద్దలోకి వేళ్లు పెట్టి విడదీయబోయాను. ఏదీ విడిగా రాలేదు. తీగలు తీగలుగా సాగి మళ్లీ అతుక్కుంటోంది. అడుగున ఇంజను నూనె రంగు చోట ఏదో చురుక్కున దిగింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. చూపుడువేలి కొసకు గాలం గుచ్చుకొని వేలాడుతోంది, దానిమీద తోకలేని సగం ఎర. ఆ ఏప్రిల్ ఉదయం నేను తెంపినదే. ఎదురుముల్లు ఆయన ఎప్పుడో చదును చేసి ఉంచారు కనుక, మెల్లగా లాగితే ఇట్టే వచ్చేసింది. వేలికొసమీద ఒక్క నెత్తురు చుక్క నిలిచింది.

ఆంటీ వచ్చి నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నారు. కొంగుతో తుడవబోయి ఆగారు. ఆ చుక్కనే చూస్తూ, శనివారాలు బల్ల దగ్గర అడిగిన గొంతుతోనే అడిగారు:

“తెలిసిందా?”

“తెలిసింది ఆంటీ.”

ఆమె నా వేలు వదలలేదు.